వారానికి 22 సెట్లు చేసినా ఛాతీ పెరగట్లేదు: సెట్లు పెంచాలా, బరువు పెంచాలా?

మూడు_షిఫ్టులు (కడప)

అందరికీ నమస్కారం. నా వయసు 27, బరువు 68 కిలోలు. జిమ్‌కు పోవడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి.

బెంచ్ ప్రెస్ (పడుకుని బార్ పైకి నెట్టేది) ఐదు నెలలుగా 60 కిలోల దగ్గరే ఆగిపోయింది. ఒక సెట్టులో, అంటే మధ్యలో ఆగకుండా, ఎనిమిది సార్లు (రెప్స్) వస్తాయి, తొమ్మిదోది రాదు. సోమవారం చెస్ట్ డే. బెంచ్ 5 సెట్లు, ఇంక్లైన్ 5, డంబెల్ ప్రెస్ 4, ఫ్లై 4, కేబుల్ 4. మొత్తం 22. మాది రేకుల షెడ్డు జిమ్. ఏప్రిల్‌లో సాయంత్రం ఆరు గంటలకు కూడా బార్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. బనియన్ పిండితే నీళ్లు కారతాయి. ఇంత చేసినా అద్దంలో మార్పు లేదు. పైగా నెల రోజులుగా కుడి భుజం ముందువైపు నొప్పి.

ట్రైనర్‌ను అడిగితే "ఇంకో రెండు ఎక్సర్‌సైజులు కలుపు, కండకు షాక్ ఇవ్వాలి" అన్నాడు. నాతో పాటు చేసే స్నేహితుడేమో "ఇదంతా దండగ, ఒక్క సెట్టు చాలు, కానీ ప్రాణం పోయేదాకా చెయ్" అంటాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. అనుభవం ఉన్న అన్నలు చెప్పండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

తమ్ముడూ, ఒక్క సెట్టు మాట నమ్మి మొత్తం పోగొట్టుకోవద్దు. నేను మూడేళ్లు ఛాతీకి వారానికి ఆరు సెట్లు చేశాను. ఎక్కడి గొంగళి అక్కడే. పద్నాలుగుకు పెంచిన ఏడాదిలో పాత చొక్కాలు గుండీలు పడక తమ్ముడికి ఇచ్చేశాను.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. 2017లో షోన్‌ఫెల్డ్, ఆగ్‌బోర్న్, క్రీగర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్క చూశారు. ఒక్కో కండకు వారానికి పది లేదా అంతకు మించి సెట్లు చేసినవాళ్లలో పెరుగుదల, ఐదు లోపు చేసినవాళ్ల కంటే ఎక్కువగా తేలింది. కాబట్టి సెట్లు కావాలి. నీ తప్పు 22 చేయడం కాదు, 22 ఒకే రోజు కుక్కడం. సోమవారం పదకొండు, గురువారం పదకొండు చెయ్.

ఒకే_సెట్టు (ప్రొద్దుటూరు)

బురుజు అన్నా, మీ మాటకు గౌరవం ఇస్తూనే కాదంటున్నాను. డోరియన్ యేట్స్ 1992 నుంచి 1997 దాకా వరుసగా ఆరుసార్లు బాడీబిల్డింగ్‌లో అతిపెద్ద పోటీ మిస్టర్ ఒలింపియా గెలిచాడు. జిమ్‌లో గంటలు గంటలు గడపలేదు. ఆయన కంటే ముందు ఇదే దారిలో నడిచిన బాడీబిల్డర్ మైక్ మెంట్జర్ ఉన్నాడు. వాళ్లందరికీ దారి చూపింది నాటిలస్ అనే జిమ్ మెషీన్లు తెచ్చిన ఆర్థర్ జోన్స్. జోన్స్ వాదన తేలికగా అర్థమవుతుంది. ఎంత గట్టిగా చేస్తే అంత తక్కువసేపే చేయగలవు. గంటన్నర చేయగలుగుతున్నావంటే అందులో గట్టిదనం లేదని అర్థం.

నేను వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలే చేస్తాను. తమ్ముడూ, 22 సెట్లలో ఎన్ని సెట్లకు నీ చేతులు వణికాయి? నిజం చెప్పు.

తాలింఖానా_మనవడు (అనంతపురం)

ఇద్దరూ మంచి మాటే చెప్పారు. కానీ గొడవంతా 'ఇంటెన్సిటీ' అనే ఒక్క మాట దగ్గర ఉందప్పా. దానికి రెండు అర్థాలున్నాయి.

వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ ఇంటెన్సిటీ అంటే బరువు అని అర్థం. నువ్వు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠంలో ఎన్నో వంతు ఎత్తుతున్నావని. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ ఆటకు తయారయ్యేవాళ్లు పెద్ద బరువుతో ఒకటి, రెండు, మూడు రెప్స్ చొప్పున చాలా సెట్లు చేస్తారు. చేతులు వణికేదాకా పోరు, ప్రతి లిఫ్టూ శుభ్రంగా రావాలి. వాళ్ల లెక్కలో అది హై ఇంటెన్సిటీ. మెంట్జర్, యేట్స్ మాట్లాడే ఇంటెన్సిటీ వేరు. సెట్టు ఆపే సమయానికి ఇంకా ఎన్ని రెప్స్ మిగిలాయి అన్నదే వాళ్ల కొలత. పది కిలోలతో కూడా ఆ ఇంటెన్సిటీ వస్తుంది, నలభై రెప్స్ పడితే పట్టొచ్చు.

మా తాత తాలింఖానాలో (పాతకాలం వ్యాయామశాల) దండీలు, బస్కీలు (గుంజీలు) వందల్లో తీయించేవాడు. బరువు లేదు, ప్లేట్లు లేవు. నా చిన్నప్పుడు నేను యాభై బస్కీలు తీసి ఆగితే "ఇప్పుడు మొదలైంది, ఇంకా పది తీయ్" అనేవాడు. ఆ పదీ తీసేటప్పుడు తొడలు మండేవి. ఆయన ఎందుకలా అనేవాడో తర్వాత చదివితే తెలిసింది. బరువు కదిలించేటప్పుడు శరీరం ముందు చిన్న మోటార్ యూనిట్లను (ఒక్కో నరం నడిపే కండ ఫైబర్ల గుంపులను) పనిలోకి దించుతుంది. అవి చాలనప్పుడే పెద్దవి దిగుతాయి. దీన్ని హెన్నెమన్ సూత్రం అంటారు. ఎక్కువగా పెరిగే ఫైబర్లు ఆ పెద్ద యూనిట్లలోనే ఉంటాయి. తేలిక బరువుతో అవి పని అందుకునేది సెట్టు చివర్లోనే.

ఇంకొకటి, ఒకే_సెట్టు తమ్ముడూ. యేట్స్ ఒక కండకు ఒక్క సెట్టు చేయలేదు. ఒక్కో ఎక్సర్‌సైజుకు ఒక గట్టి సెట్టు, దానికి ముందు వామప్ సెట్లు, అట్లా ఒక కండకు మూడు నాలుగు ఎక్సర్‌సైజులు. పైగా ఆయన జన్యువులు, ఆయన కాలం మందులు మనకు లేవు. ఆయన అంకెలను మన నోట్‌బుక్కులో దించుకోలేం.

మూడు_షిఫ్టులూ, పోయిన సోమవారం జరిగింది జరిగినట్టు రాయి. రెప్స్ అంకెలు కావాలి. సెట్ల మధ్య ఎంతసేపు ఆగావో కూడా రాయి.

మూడు_షిఫ్టులు (కడప)

నోట్‌బుక్ చూసి రాస్తున్నాను అన్నా.

బెంచ్ 60 కిలోలు: 8, 7, 6, 5, 5. ఇంక్లైన్ 40 కిలోలు: 10, 10, 10, 10, 10. డంబెల్ ఒక్కోటి 15 కిలోలు: 12, 12, 12, 12. ఫ్లై 7.5 కిలోలు: 15 చొప్పున నాలుగు. కేబుల్ కూడా 15 చొప్పున నాలుగు. సెట్ల మధ్య 45 సెకన్లు, ఒక్కోసారి నిమిషం. సాయంత్రం మా దగ్గర ఒకే బెంచ్. వెనకాల నలుగురు నిలబడి ఉంటారు, అందుకే ఎక్కువసేపు ఆగలేను.

తాలింఖానా_మనవడు (అనంతపురం)

ఇందులోనే దొరికింది. బెంచ్ అంకెలు చూడు: 8, 7, 6, 5, 5. అలసట వచ్చింది కాబట్టి అంకె పడింది. అవి నిజమైన సెట్లు. ఇప్పుడు ఇంక్లైన్ చూడు. ఐదు సెట్లూ పదే. అంతకుముందే ఐదు సెట్లు బెంచ్ చేసి వచ్చినవాడికి, నిమిషం కూడా ఆగకుండా చేసేవాడికి, నిజంగా పదే గరిష్ఠమైతే రెండో సెట్టుకు ఎనిమిదో, మూడో సెట్టుకు ఆరో రావాలి. పది దగ్గర ఆగింది నీ కండ కాదు, నోట్‌బుక్కులో రాసుకున్న అంకె. డంబెల్ పన్నెండ్లూ అంతే, ఫ్లై పదిహేనులూ అంతే.

కళ్లంలో కొర్రలు తూర్పారబడితే గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు గాలికి కొట్టుకుపోతుంది. నీ 22 సెట్లను అట్లా తూర్పారబడితే ఐదు గింజలు మిగులుతాయి. మిగతా పదిహేడూ తాలు సెట్లు. వాటి వల్ల కండ పెరగదు, కానీ చెమట, భుజం అరుగుదల, గంట టైము అన్నీ పోతాయి.

బెంచ్ సెట్లలోనూ ఒక లోపం ఉంది. 45 సెకన్లకే మళ్లీ బార్ కింద పడుకుంటే ముందు ఊపిరి చేతులెత్తేస్తుంది, ఛాతీ కాదు. 2016లో షోన్‌ఫెల్డ్ బృందం ఒక నిమిషం ఆగినవాళ్లను, మూడు నిమిషాలు ఆగినవాళ్లను ఎనిమిది వారాలు పోల్చి చూసింది. మూడు నిమిషాలవాళ్లకు బలమూ ఎక్కువ వచ్చింది, కండా ఎక్కువ వచ్చింది. వెనకాల నలుగురుంటే వాళ్లతో వంతులేసుకో. ముగ్గురు మారేసరికి నీ మూడు నిమిషాలు అయిపోతాయి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

తాలు సెట్లు! ఈ మాట మా జిమ్ గోడ మీద రాస్తాను అన్నా. నా పద్నాలుగు సెట్లు పనిచేయడానికి కారణం ఇప్పుడు నాకే అర్థమైంది. అప్పుడు నాతో చేసే జోడీ నన్ను ఏ సెట్టులోనూ ముందే దిగనివ్వలేదు. నేను అంకె చెప్పి వాడి సంగతి చెప్పడం మర్చిపోయాను. తమ్ముడూ, పదకొండు పదకొండు అన్నాను కదా, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

ఫిజియో_అక్క (కర్నూలు)

అందరూ కండ గురించి మాట్లాడుతున్నారు, ఆ అబ్బాయి భుజం సంగతి ఎవరూ అడగట్లేదు.

తమ్ముడూ, చూడకుండా ఇదీ అని చెప్పలేను. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పికి మెలకువ వస్తుంటే, చెయ్యి పైకెత్తేటప్పుడు బలం లేనట్టుంటే, తిమ్మిరి వేళ్లదాకా పోతుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించు. అవేవీ లేకుండా ప్రెస్ చేసేటప్పుడే పోటు వస్తుంటే మూడు నాలుగు వారాలు బార్ పక్కన పెట్టు. డంబెల్స్ తీసుకుని అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేట్టు పట్టుకుని ప్రెస్ చెయ్. మోచేతులు భుజాలకు సూటిగా అడ్డంగా చాచకు, పక్కటెముకల వైపు కాస్త దించి ఉంచు. ప్రెస్ ఎన్ని సెట్లో రోయింగ్ (బరువును మనవైపు లాగేది) కూడా కనీసం అన్ని సెట్లు ఉండాలి. నీ వారంలో రోయింగ్ ఎన్ని సెట్లు?

కండను ఎముకకు కలిపే టెండన్ కండంత తొందరగా సర్దుకోదు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో బరువు ఎక్కువై దెబ్బ తగిలినవాళ్ల కంటే, ఒకే కదలికను రోజూ తిప్పి తిప్పి చేసి తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

నైట్ షిఫ్టులో ఎంతసేపు నిద్రపోతున్నావు?

మూడు_షిఫ్టులు (కడప)

అక్కా, రాత్రి నొప్పికి మెలకువ రావట్లేదు. ప్రెస్ చేసేటప్పుడే. రోయింగ్ వారానికి నాలుగు సెట్లు, అవీ మిగిలిన టైములో. నైట్ షిఫ్ట్ వారంలో ఐదు గంటల నిద్ర. ఎండకు ఇల్లు కాగిపోయి మధ్యాహ్నం రెండు తర్వాత పడుకోలేను.

ఫిజియో_అక్క (కర్నూలు)

అయితే ఆ వారంలో మిగతా వారాల లెక్క పెట్టుకోకు. సెట్లు సగం చెయ్, బరువు మాత్రం అదే ఉంచు. ఉన్నది పోతుందేమోనని టెన్షన్ పడొద్దు. 2011లో బికెల్ బృందం చేసిన పరిశోధనలో 16 వారాలు పెంచుకున్న కండను యువకులు మూడో వంతు పనితో 32 వారాలు నిలబెట్టుకున్నారు. ఉన్నది నిలబెట్టుకోవడానికి అంత తక్కువ చాలు. పెంచుకునే పని నిద్ర దొరికే వారాల్లో పెట్టుకో. కిటికీకి తడి గోనెపట్ట కట్టి చూడు. మా ఇంట్లో నైట్ డ్యూటీ చేసే మావారికి అట్లానే చేస్తాం.

ఒకే_సెట్టు (ప్రొద్దుటూరు)

నేను కూడా ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నా మాట విని ఎవరైనా దెబ్బ తగిలించుకుంటే ఆ పాపం నాది.

రెండేళ్ల క్రితం పొద్దున ఐదున్నరకు జిమ్‌లో నేనొక్కడినే. 80 కిలోలతో బెంచ్. ఏడోది వచ్చింది, ఎనిమిదోది సగం లేచి ఆగింది. ఆపుదామనుకోలేదు, ఫెయిల్యూర్ దాకా, అంటే ఇక ఒక్కటీ లేవనంత వరకు పోవాలని మొండిపట్టు. బార్ నెమ్మదిగా ఛాతీ మీదికి దిగింది. అరిచినా వినేవాళ్లు లేరు. పొట్ట మీదుగా తొడలదాకా దొర్లించుకుని లేచాను. పక్కటెముకల మీద ముద్ర పడినట్టు నలుపు, పదిహేను రోజులు దగ్గితే కళ్లల్లో నీళ్లు వచ్చేవి.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. బెంచ్, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లో ఒకటో రెండో రెప్స్ మిగుల్చుకుని ఆపుతాను. కేబుల్, లెగ్ ఎక్స్‌టెన్షన్, కర్ల్ లాంటి వాటిలో చివరి సెట్టు పూర్తిగా కదలనంత వరకు పోతాను. అక్కడ వదిలేసినా మనమీద పడేదేమీ లేదు. స్క్వాట్ ఫెయిల్యూర్ దాకా చేసిన రోజు మూడు రోజులు మెట్లు దిగలేను, ఆ వారం మిగతా పనంతా పాడవుతుంది.

తమ్ముడికి ఒక పరీక్ష. మిగిలిన రెప్స్ మనం అనుకున్నట్టు ఉండవు. ఈసారి 15 కిలోల డంబెల్స్ తీసుకో, చివరి సెట్టులో పన్నెండు దాటి ఇక లేవనంత వరకు చెయ్. పక్కన స్నేహితుణ్ని నిలబెట్టుకో. ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయి.

ఇంట్లో_డంబెల్స్ (అనంతపురం)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఇద్దరు పిల్లల తల్లిని, జిమ్‌కు పోయే వీలు లేదు. ఇంట్లో 5 కిలోల డంబెల్స్ రెండే ఉన్నాయి. ఇంత తేలిక బరువుతో కండ రాదని అందరూ అంటారు. నిజమేనా?

తాలింఖానా_మనవడు (అనంతపురం)

కాదమ్మా, వస్తుంది. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో కుర్రాళ్లతో పది వారాలు లెగ్ ఎక్స్‌టెన్షన్ చేయించారు. ఒక్కో కాలికి విడిగా, కొన్ని కాళ్లకు గరిష్ఠంలో 30 శాతం బరువు, కొన్నిటికి 80 శాతం. అందరూ ఇక లేవనంత వరకు చేశారు. కండ దాదాపు సమానంగా పెరిగింది. ఒక్కసారి ఎత్తే బలం మాత్రం 80 శాతంతో చేసిన కాళ్లకే ఎక్కువ వచ్చింది.

కాబట్టి ఇంట్లో ఒంటికాలి స్క్వాట్, డంబెల్స్ పట్టుకుని లంజెస్, ఇరవై ముప్పై రెప్స్ దాకా పోండి. ముప్పై దాటినా సులువుగా ఉంటే మూడు సెకన్లు లెక్కపెడుతూ కిందికి దిగండి. ఇరవయ్యో రెప్‌కు వచ్చే మంట చూసి ఆపొద్దు, అది కష్టం మొదలైన గుర్తు. తేలిక బరువుతో ఇదే అసలు కష్టం, మంటను ఓర్చుకోవాలి.

ఎద్దుల_కొట్టం (కడప జిల్లా)

నేను రైతును. సాయంత్రం ఊళ్లో పిల్లలతో కలిసి వ్యాయామం చేస్తుంటాను. మా పెదనాన్న ఎద్దులను బండలాగుడు పోటీలకు తయారు చేసేవాడు. ఆయన ఏం చేసేవాడో చెప్తాను.

పోటీ రెండు నెలలుందనగా చిన్న బండతో ఎక్కువ దూరం నడిపించేవాడు. రోజులు గడిచేకొద్దీ బండ పెంచేవాడు, దూరం తగ్గించేవాడు. రెండూ ఒకేసారి పెంచిన రోజు నేను చూడలేదు. రోజూ పొద్దున కొట్టంలోకి పోయి ముందు ఎద్దు మేత ఎట్లా తింటోందో చూసేవాడు. ఉలవల గుగ్గిళ్లు సగం వదిలేసిందంటే ఆ రోజు బండ కట్టేది లేదు. మెడ మీద కాడి ఆనే చోట చెయ్యి పెట్టి వేడిగా ఉందేమో చూసేవాడు. పోటీకి ముందు వారం చెరువులో ఈదించడం తప్ప ఏ పనీ చెప్పేవాడు కాదు.

మూడు_షిఫ్టులూ, ఎద్దు మేత వదిలేస్తే ఆయన గుర్తుపట్టేవాడు. నీకు భుజం నెల రోజుల నుంచి చెప్తోంది నాయనా. ఇంతకీ ఏం తింటున్నావు?

మూడు_షిఫ్టులు (కడప)

పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి సంగటి, ఏదో ఒక కూర. రోజూ నాలుగు గుడ్లు. ఆదివారం చికెన్.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

అదే తక్కువ తమ్ముడూ. కిలో శరీర బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ లెక్కన నీకు రోజుకు దాదాపు 110 గ్రాములు కావాలి. నాలుగు గుడ్లకు పాతిక గ్రాములే. ఉగ్గానిలో బొరుగులే ఎక్కువ, దాని పక్కన ఇంకో రెండు గుడ్లు పెట్టుకో. అర లీటరు పాలు, నానబెట్టిన శనగలు, వారానికి మూడు రోజులు చికెనో చేపో. పౌడర్ డబ్బా కొనే ముందు ఇవి చూడు. వేరుశనగలు మంచివే కానీ వాటితోనే ప్రోటీన్ లెక్క నింపాలంటే నూనె ఎక్కువైపోతుంది.

తాలింఖానా_మనవడు (అనంతపురం)

ఇప్పుడు నీ వారం. సోమవారం, గురువారం ఛాతీ. సోమవారం అక్క చెప్పిన డంబెల్ ప్రెస్ మూడు సెట్లు, కేబుల్ మూడు. గురువారం ఇంక్లైన్ డంబెల్ మూడు, పుషప్స్ రెండు. మొత్తం పదకొండు. ప్రెస్ సెట్లన్నీ రెండు రెప్స్ మిగిలాయి అనిపించేదాకా, కేబుల్ చివరి సెట్టు పూర్తిగా. ఎనిమిది నుంచి పన్నెండు మధ్య చెయ్. మూడు సెట్లూ పన్నెండు వచ్చిన రోజు బరువు ఒక మెట్టు పెంచు, మళ్లీ ఎనిమిది నుంచి మొదలుపెట్టు. పన్నెండు రాకముందే పెంచావంటే మళ్లీ మొదటికొస్తావు. రోయింగ్ పన్నెండు సెట్లు. నైట్ షిఫ్ట్ వారం సగం. నాలుగు వారాలు ఏదీ కలపొద్దు. ఎవరైనా షాక్ ఇవ్వమన్నా వినొద్దు. నాలుగు వారాల తర్వాత అంకెలు పెరుగుతూ, భుజం ప్రశాంతంగా ఉంటే అప్పుడు రెండు సెట్లు కలుపుదాం.

మూడు_షిఫ్టులు (కడప)

ముందు పరీక్ష సంగతి. 15 కిలోల డంబెల్స్‌తో చివరి సెట్టులో 21 వచ్చాయి. ఇరవై ఒకటి! రెండేళ్లుగా పన్నెండు దగ్గర దించి, అలసిపోయానని అనుకున్నాను. స్నేహితుడు పక్కన నిలబడి లెక్కపెడుతుంటే పదిహేడు దాటాక డంబెల్స్ గజగజ వణికాయి. నా చేతులు అట్లా వణకడం నేను ఎప్పుడూ చూడలేదు. రేపటి నుంచి మీరు చెప్పిన వారం మొదలుపెడతాను.

మూడు_షిఫ్టులు (కడప)

తొమ్మిది వారాల తర్వాత రాస్తున్నాను. మధ్యలో మూడు నైట్ షిఫ్ట్ వారాలు, వాటిలో సగమే చేశాను.

డంబెల్ ప్రెస్ మొదటి వారం 20 కిలోలతో 10, 9, 8 వచ్చింది. ఇప్పుడు 22.5తో 11, 10, 9. భుజం నొప్పి ఐదో వారానికి పోయింది. ఆరో వారంలో మళ్లీ బార్ పట్టుకున్నాను, భయంతో 50తో మొదలుపెట్టి. నిన్న 62.5తో ఎనిమిది వచ్చాయి, ఇంకొకటి మిగిలిందనిపించింది, స్నేహితుడు కూడా అదే అన్నాడు. బరువు 68 నుంచి 69.2. అద్దంలో పెద్ద తేడా చెప్పలేను కానీ మా అమ్మ మొన్న చొక్కా ఇస్త్రీ చేస్తూ "ఇది నీదేనా, బిగుతుగా ఉంటోందే" అంది.

జిమ్‌లో ఉండేది ఇప్పుడు 55 నిమిషాలు. తడి గోనెపట్ట కట్టాను అక్కా, నైట్ వారంలో ఆరున్నర గంటలు పడుకుంటున్నాను.

ఒక అనుమానం. కాళ్లకు కూడా ఇదే లెక్కా? స్క్వాట్ నాలుగు సెట్లకే నడుము అలసిపోతోంది, తొడలకు ఇంకా పని మిగిలినట్టు ఉంటుంది.

ఒకే_సెట్టు (ప్రొద్దుటూరు)

62.5తో ఎనిమిది! చదివి లేచి నిలబడ్డాను తమ్ముడూ.

స్క్వాట్ మూడు సెట్లకు దించు, రెండు రెప్స్ మిగుల్చుకుని ఆపు. తర్వాత లెగ్ ప్రెస్‌కు పో, నడుముకు ఆనుకునే వెనక పలక ఉంటుంది కాబట్టి తొడలు అలసేదాకా పోవచ్చు. అక్కడ మూడు సెట్లు. పోయిన లెగ్ డే అంకెలు పెట్టు, అందులో తాలు ఎంతుందో చూద్దాం.